తీగను నేరుగా కేకులో గుచ్చడం గురించి

చక్కెర పూల వంటి అలంకరణలను కేకు మీద నిలబెట్టే లోహపు తీగ చివరకు పూల టేపు (పూల కాడలకు చుట్టే మైనపు టేపు) చుట్టితే దానిని నేరుగా కేకులో గుచ్చవచ్చని కేకు అలంకరణపై వచ్చిన ఒక వ్యాసంలో చెప్పిన మాటతో నేను ఏకీభవించలేను. ఆ టేపుకు పట్టించిన మైనం తినే పదార్థాలకు ఉద్దేశించినది కాదు. పైగా కత్తిరించిన తీగ మొన టేపును చీల్చుకుని బయటికి రావచ్చు. ‘పోజీ పిక్’ పేరుతో అమ్మే, ఆహారానికి పనికివచ్చే ప్లాస్టిక్ గొట్టాన్ని ముందుగా కేకులోకి దించి, దాని నోరు క్రీముకు కాస్త పైన కనిపించేలా ఉంచి, లోపల చిన్న ఫాండెంట్ (కేకు అలంకరణకు వాడే మెత్తని చక్కెర పిండి) ముద్ద పెట్టి అందులో తీగను నిలబెడితే అది కదలదు, కేకుకు తగలదు. మందాన్ని తెలిపే గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది కనుక, పెన్సిలుకు చుట్టి స్ప్రింగులా మెలితిప్పడానికి 24 గేజ్ సరిపోతుంది గానీ, బరువైన చక్కెర పూలకు 18 లేదా 20 కావాలి. చిన్నపిల్లల పుట్టినరోజు కేకుకైతే అసలు తీగే వద్దంటాను. మిగతావాటికి, ఎన్ని గొట్టాలు గుచ్చారో కాగితం మీద రాసి కేకుతోపాటే ఇస్తే, కోసేవారు ముందుగా లెక్కచూసి తీసేస్తారు.