సర్ఫర్ లేని ఒడ్డున సర్ఫింగ్ ఫోటోలు

బోర్డు మీద నిలబడి అలల మీద జారే సర్ఫింగ్ ఆటని ఫోటోలు తీయడం నేర్చుకోవాలంటే అంతర్వేదిని మించిన చోటు లేదని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ సర్ఫర్లు లేరు. సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది. విశాఖ రుషికొండకో, చెన్నై దగ్గరి కోవళానికో వెళ్లారనుకోండి, అలల మీద మనుషులుంటారు. ఫోటో చెడితే తప్పు మీ నెత్తినే పడుతుంది. మా దగ్గర ఆ మాట అనడానికి ఎవరికీ సందు దొరకదు.

నాకీ విద్య మీద మనసు పడింది 2024 జులైలో. పారిస్ ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలు పారిస్‌లో కాకుండా ఎక్కడో తాహితి దీవిలో పెట్టారు. (మనవాళ్లు చేస్తే నవ్వేవారు.) బ్రెజిల్ సర్ఫర్ గాబ్రియెల్ మెదీనా అల దాటి గాల్లోకి లేచి, వేలు పైకెత్తి నిలబడ్డాడు. పక్కన బోర్డు కూడా ఆయనలాగే నిటారుగా నిలబడింది. ఏఎఫ్‌పీ వార్తా సంస్థ ఫోటోగ్రాఫర్ జెరోమ్ బ్రూయే పడవలోంచి తీసిన ఆ ఫోటో లోకమంతా చూసింది. నర్సాపురంలో నేనూ చూశాను. ఆయనకి పడవ ఉంది, మాకు గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు ఉంది. ఇక కావలసింది లెన్సు ఒక్కటే.

దూరంగా ఉన్నదాన్ని దగ్గరకి లాగే 150-600 లెన్సు కొన్నాను. ధర ఇక్కడ రాయను, ఇంట్లో వాళ్లు చదువుతారు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెతను అడ్డం వేసుకోబోతే, అందులో లెన్సు మాట లేదని మా ఆవిడ గుర్తు చేసింది.

షట్టర్ వేగం 1/1000 సెకను ఉండాలి, అంతకన్నా వేగంగా ఉంటే ఇంకా మేలు. ఫోకస్ మనిషిని వదలకుండా వెంటాడే మోడ్‌లో పెట్టుకోవాలి, లేకపోతే అది నురుగుని పట్టుకుని కూర్చుంటుంది. ఇంతవరకు బాగానే ఉంది. గొడవంతా సూర్యుడితో వచ్చింది.

నాకు దొరికిన వీడియో పాఠాలు చాలావరకు కాలిఫోర్నియావి. పొద్దున్నే లేవండి, వెలుగు మీ వెనక నుంచి పడుతుంది అంటారు. నేను నాలుగింటికి లేచి, మొదటి పంటు పట్టుకుని, గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర కెమెరా నిలబెడితే సూర్యుడు వచ్చి నా లెన్సులోనే ఉదయించాడు. అలలు నలుపు, పడవలు నలుపు, కాకి ఎలాగూ నలుపు. ఇరవై రోజులు కెమెరాని తిట్టుకున్నాను. కాలిఫోర్నియా వాళ్లకి సముద్రం పడమట, మనకి తూర్పున అన్న సంగతి ఇరవయ్యొకటో రోజున తట్టింది. మన ఒడ్డున మధ్యాహ్నం మూడు దాటాకే ఎండ వీపు వైపు నుంచి వెళ్లి అల ముఖాన పడుతుంది. నాలుగింటికి లేవాలన్నది నిజమే, కాకపోతే పగటి నిద్రలోంచి.

నురుగు ఇంకో తంటా. ఆ తెలుపు చూడగానే కెమెరా కంగారుపడి బొమ్మ మొత్తాన్ని చీకటి చేస్తుంది. మనమే కాస్త వెలుగు పెంచుకోవాలి. వరద నీరు దిగే రోజుల్లో మా సముద్రం టీ రంగుకి తిరుగుతుంది కాబట్టి ఆ బాధ కొంత తక్కువ. ఈ సౌకర్యం తాహితిలో లేదు.

అలల సంగతీ చెప్పాలి. గోదావరి తెచ్చి పోసే ఒండ్రుతో ఇక్కడ సముద్రం అడుగు మెల్లమెల్లగా పల్లమవుతుంది. అల అల్లంత దూరంలోనే తడబడి విరిగి, మిగతా దారంతా నురుగై నడిచి వస్తుంది. సర్ఫర్‌కి కావలసింది గోడలా లేచే అల. మాది పెళ్లికి ఆలస్యమైన మేనమామలా ఆయాసపడుతూ వస్తుంది.

ఒకసారి నిజం సర్ఫరే వచ్చాడు. రుషికొండలో రెండు రోజులు నేర్చుకున్న మా మేనల్లుడు, బోర్డుతో సహా. గంటన్నర సేపు పడుకుని పడుకుని, ఒక్క క్షణం లేచి నిలబడ్డాడు. ఆ క్షణాన నేను లెన్సు మీద పడ్డ ఉప్పునీటి తుంపర కండువాతో తుడుస్తున్నాను. కండువాలో ఇసుక ఉందన్నది తర్వాత తెలిసింది.

అప్పుడు నా చూపు తెప్పల మీద పడింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను బోట్లకి వేట నిషేధం. ఆ రెండు నెలలూ తెడ్డుతో వెళ్లే చిన్న తెప్పలే దిక్కు. చూడబోతే సర్ఫర్ చేసేదే వీళ్లూ చేస్తారు. తెప్ప ముక్కు లేస్తే బరువు ముందుకి, దిగితే వెనక్కి. కాకపోతే సర్ఫర్ అలతో పాటు ఒడ్డుకి వస్తాడు, వీళ్లు అలకి ఎదురు వెళతారు. కాళ్ల దగ్గర వల కూడా ఉంటుంది. బిగుతు సూటు లేదు, లుంగీ ఉంది. స్పాన్సర్ పేరు అసలే లేదు. అందుకని వీళ్లని సర్ఫర్లుగా లోకం ఒప్పుకోదని నాకు తెలుసు. సాధనకి పనికొస్తారని మాత్రమే తీశాను.

తెప్ప అల నెత్తికి ఎక్కాక బటన్ నొక్కితే ఆలస్యమైనట్టే. ముక్కు లేవడం మొదలైనప్పుడే నొక్కడం మొదలెట్టాలి. ఈ ముక్క ఒంటబట్టడానికి 1,200 ఫోటోలు పట్టాయి. అల, తెప్ప, మనిషి మూడూ కుదిరినవి నాలుగు. అందులో ఒకటైతే మెదీనా ఫోటో పక్కన పెట్టొచ్చు. తెప్ప సగం గాల్లో, కుర్రాడు వాలుగా నిలబడి, తెడ్డు నుంచి రాలే నీటిచుక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా.

పెద్ద సైజులో ప్రింటు వేయించి ఒడ్డుకి పట్టుకెళ్లి ఆ కుర్రాడి తండ్రికి ఇచ్చాను. ఆయన దగ్గరగా చూశాడు, చెయ్యి చాచి దూరంగా చూశాడు. నేను మెప్పు కోసం ఎదురుచూస్తున్నాను.

"బాగా పడిందండి, ఆయ్," అని, వెనక్కి తిరిగి కొడుకుని కేకేశాడు. "ఒరేయ్, ఇలా రా! తెడ్డు ఆ పక్క ఎయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాను? నేనెయ్యలేదన్నావుగా. ఇదేంట్రా మరి?"

కుర్రాడు ఫోటో వంకా నా వంకా చూసి తల దించుకున్నాడు. ఆయన ప్రింటు జాగ్రత్తగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"రేపు కూడా వత్తారాండీ? మా పెద్దోడిది కూడా ఒకటి తీసిపెట్టండి. ఆడూ ఒప్పుకోడు."