గంటకో విమానం సరే, రివిట్లు కొట్టినవాళ్లేరీ?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా కార్ల కంపెనీ ఫోర్డ్ గంటకో బాంబర్ విమానం తయారు చేసిందన్న పోస్టు ఈ వారంలో నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. కింద కామెంట్లన్నీ యజమానికి దండాలే. చూసి ఊరుకోబుద్ధి కాలేదు.

విషయం అబద్ధమేమీ కాదు. 1942 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి కార్లు తయారు చేయడం ఆపించి, ఫ్యాక్టరీలను యుద్ధం పనికి మళ్లించింది. మిషిగన్‌లో ఫోర్డ్ నడిపిన విల్లో రన్ ఫ్యాక్టరీలో 1944 నాటికి బి-24 అనే బాంబర్ విమానాలు నిజంగానే గంటకొకటి చొప్పున బయటికొచ్చాయి. మొత్తం 8,685.

కానీ ఒక్కో విమానానికి మూడు లక్షలకు పైగా రివిట్లు, అంటే రేకుల్ని కలిపి బిగించే మేకుల్లాంటివి. రెక్క బయట ఒకరు రివిట్ గన్‌తో వాటిని కొడుతుంటే, లోపల ఇంకొకరు ఒళ్లు ముడుచుకుని దూరి, రివిటు చివర ఇనుప దిమ్మె అదిమిపట్టి ఉండాలి. ప్రతి దెబ్బకీ చేతులు అదిరిపోతాయి, చెవులు హోరెత్తిపోతాయి. అలా రోజంతా! ఆ ఫ్యాక్టరీలో దాదాపు మూడోవంతు ఆడవాళ్లే. ఆ పోస్టులో వాళ్ల ఊసే లేదు.

నల్లజాతి కార్మికుల సంగతి మరీ దారుణం. 1943 జూన్‌లో డెట్రాయిట్ ప్యాకార్డ్ ఫ్యాక్టరీలో ముగ్గురు నల్లవాళ్లకి ప్రమోషన్ ఇచ్చారని పాతికవేల మంది తెల్లవాళ్లు పని ఆపి బయటికొచ్చేశారు. అదీ విమానాల ఇంజన్లు తయారుచేసే చోట, యుద్ధం నడుస్తుండగా. చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

యుద్ధం ముగిసింది. ఆడవాళ్లను వేలల్లో ఇంటికి పంపేశారు. పని రాదని కాదు, ఇక అది మగవాళ్ల పని అని. కార్లు మళ్లీ మొదలయ్యాయి. 1946 మోడల్ అని అమ్మినవి చాలావరకు 1942 బండ్లే, ముందు గ్రిల్లు మార్చి. నాలుగేళ్లుగా కొత్త కారు మొహం చూడని జనం ఎగబడి కొన్నారు.

అంత గిరాకీ ఉన్నా కూలి మాత్రం పెంచేది లేదన్నాయి కంపెనీలు. అందుకే 1945 నవంబరులో మరో కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌లో మూడు లక్షల మందికి పైగా సమ్మెకు దిగారు. కూలి 30 శాతం పెంచండి, కారు ధర మాత్రం పెంచకండి, కుదరదంటే మీ లెక్కల పుస్తకాలు చూపించండి అని యూనియన్ నాయకుడు వాల్టర్ రూథర్ అడిగాడు. కొనేవాడి మీద కూడా భారం పడకూడదని ఆలోచించిన ఆ డిమాండ్ అంటే నాకెంతో గౌరవం. 113 రోజులు, చలికాలమంతా, గేట్ల ముందు నిలబడ్డారు. చివరికి దక్కింది గంటకు పద్దెనిమిదిన్నర సెంట్ల పెంపు. లెక్కల పుస్తకాలు మాత్రం కంపెనీ తెరవనే లేదు.