గొంతు నొక్కే బటన్ గారికి

మహారాజశ్రీ మ్యూట్ బటన్ గారి దివ్యసముఖమునకు,

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక మేడ మీది గదిలో ఉంటున్న పాత కంప్యూటర్ పాటల పిచ్చివాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం అడగను. నోళ్లు మూయించే వాళ్లకు ఎప్పుడూ ఏమీ కాదు.

మన పరిచయం మీకు గుర్తుండకపోవచ్చు. పాత యంత్రాన్ని ఇప్పటి కంప్యూటర్‌లో అనుకరించే నా ఎమ్యులేటర్ అడుగున 1, 2, 3 అని మూడు గడులుగా పచ్చగా వెలుగుతూ కూర్చున్నది మీరే. 1982లో వచ్చిన కమొడోర్ 64 కంప్యూటర్‌లో సిడ్ అనే శబ్దాల చిప్పు ఉండేది. దానికి మూడే గొంతులు. ఒక్కో గొంతుకు నాలుగు రకాల అలలు: త్రికోణం, రంపం, పల్స్, పిచ్చి రొద. ముగ్గురికీ కలిపి శబ్దాన్ని వడగట్టే ఫిల్టర్ ఒకే ఒక్కటి, ఉమ్మడి కుటుంబంలో ఒకే స్నానాలగది ఉన్నట్టు. ఆ యంత్రాన్ని మా ఊళ్లో ఎవరింట్లోనూ నేను చూడలేదు. దాని పాటలు మాత్రం విడిచిపెట్టలేదు. గొంతులను విడివిడిగా రికార్డు చేసుకుని, వాటి మీద అమ్మ వీణ ఎక్కించి, రీమిక్స్ చేద్దామని కూర్చున్నాను. ఏ గొంతు వద్దో దాని మీద నొక్కితే చాలు, మిగతాది నాకు వదిలెయ్ అన్నట్టు మీరు వెలిగారు. నమ్మాను.

మొదట డ్రమ్ము తీసేద్దామనుకున్నాను. మూడో గడి నొక్కాను. డ్రమ్ము పోయింది. దానితో పాటు కింది స్థాయి బేస్ అంతా పోయింది. పునాది తీసేసిన డాబాలా పాట గాలిలో వేలాడింది. మళ్లీ నొక్కితే రెండూ వచ్చాయి. పది నిమిషాలు ఇలా ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చున్నాక అర్థమైంది, ఇద్దరు కారని, ఒక్కడేనని. యూరప్ యంత్రాల్లో ఆ పాటల ప్రోగ్రాం సాధారణంగా సెకనుకు 50 సార్లు చిప్పుకు ఉత్తర్వులు పంపుతుంది. మొదటి ఉత్తర్వులో ఆ గొంతు రొద అల వేసుకుని ఫట్‌మంటుంది. అది డ్రమ్ము. సెకనులో యాభయ్యో వంతు గడిచేసరికి పల్స్ అలలోకి మారి మంద్రస్వరం అందుకుంటుంది. అది బేస్. చెవికి ఇద్దరు, జీతం ఒకరికే. ఒక మనిషి రెండు కొలువులు చేస్తుంటే మీరు అతనిలో సగాన్ని ఇంటికి పంపలేరు కదా! ఆ సంగతి ముందే చెబితే మీ సొమ్మేం పోయింది?

మా ఊరి సంగీత కళాశాలకు 1919లో మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చున్నది ఆదిభట్ల నారాయణదాసు గారు. రెండు చేతులతో, రెండు కాళ్లతో వేర్వేరు తాళాలు వేసేవారని ఆయన గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ఎదుట మిమ్మల్ని నిలబెట్టి, రెండో తాళం ఒక్కటీ ఆపండి అంటే ఏం నొక్కేవారు? ఎడమ మోకాలా?

సరే, డ్రమ్ము వదిలేశాను. రెండో గొంతులో నిండుగా వినిపిస్తున్న తంత్రీ సమ్మేళనాన్నైనా విడిగా పట్టుకుందామని 1నీ 3నీ మూయించాను. నిండుదనం ఎక్కడా లేదు. ఒక కీచురాయి దొరికింది. ఆ గొంతు ఒకసారికి ఒక స్వరమే పలకగలదు. అందుకని స, గ, పలను సెకనులో యాభయ్యో వంతు చొప్పున ఒకదాని వెంట ఒకటి, సెకనుకు పదహారు చుట్లకు పైగా తిప్పుతుంది. పక్కన మరో ఇద్దరు ఉన్నప్పుడు ఆ గిరగిరలు చెవికి మూడు స్వరాల జోడింపుగా తోస్తాయి. ఒంటరిగా నిలబెడితే పేదరికం బయటపడుతుంది. పెళ్లి విందులో పట్టుచీర కట్టుకుని వచ్చిన మనిషిని వంటింట్లోకి పిలిచి చిరుగు చూపించమన్నట్టుంది మీ పని.

ఇక అసలు నేరం. మరో పాటలో ఒకటో గొంతు కంచు గంటలా ఖంగుమంటోంది. మూడో గొంతు దాదాపు వినిపించడం లేదు. వినిపించని దానితో పనేముందని దాన్ని మూయించాను. గంట కాస్తా పిల్లనగ్రోవి అయిపోయింది! ఒక్కసారిగా చప్పబడింది. ఎందుకంటే ఆ గంటను మోగిస్తున్నది మూడోదే. సిడ్‌లో ఒక గొంతు కంపనం ఇంకో గొంతును వంచుతుంది: ఒకటోదానికి మూడోది, రెండోదానికి ఒకటోది, మూడోదానికి రెండోది. ముగ్గురూ ఒకరి చెవి ఒకరు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. తెలివైన ఎమ్యులేటర్లలో మీ తోబుట్టువులు ఆ గొంతు బయటికి వచ్చే తలుపు ఒక్కటే మూస్తారు, లోపల దాన్ని తిరగనిస్తారు. మీరు మాత్రం అసలు ఉత్తర్వులే దానికి అందకుండా చేశారు. అది తిరగడం మానేసింది. దాన్ని నమ్ముకున్న ఒకటోది ఉత్త త్రికోణంగా మిగిలింది.

మా మేనత్త గుర్తుకొచ్చింది. మా ఇంట్లో సంబంధాలు మాట్లాడే రోజున ఆవిడ వసారాలోకి రాదు, నోరు మెదపదు. గది తలుపు దగ్గర గాజుల చప్పుడు కూడా ఉండదు. మామయ్య మాత్రం కట్నం మాట దగ్గర ఒకలా, పిల్ల చదువు మాట దగ్గర ఒకలా గొంతు మారుస్తూ ఉంటాడు. ఒకసారి ఆవిడ పుట్టింటికి వెళ్లినప్పుడు పెళ్లివారు వచ్చారు. మామయ్య గంటన్నర సేపు వర్షాల గురించి మాట్లాడి పంపించేశాడు.

ఈ కోపంలో మీ వంశచరిత్ర తవ్వాను. ఆ చిప్పును రూపొందించిన బాబ్ యానెస్ కూడా నోరు మూయించే ఏర్పాటు ఒకటి పెట్టాడు, కానీ మూడో గొంతుకు మాత్రమే. కంప్యూటర్ జ్ఞాపకంలో 54296 అనే చోట 15 వేస్తే శబ్దం పూర్తిస్థాయిలో ఉంటుంది. దానికి 128 కలిపి 143 వేస్తే మూడోది బయటికి వినిపించడం ఆగుతుంది. లోపల మాత్రం పని నడుస్తూనే ఉంటుంది. వినిపించకుండా మిగతావాళ్లను నడిపించాలనే దానికి ఆ సౌకర్యం. పైగా దాని కదలికను 54299లో చదువుకోవచ్చు. రొద అల పెట్టి అక్కడ చదివితే ఎప్పటికప్పుడు కొత్త అంకె వస్తుంది కాబట్టి, ఆటలు రాసేవాళ్లు దాన్ని పాచికలుగా కూడా వాడుకున్నారు. ఇంకో తమాషా, మూడో గొంతును ఫిల్టర్ గుండా పంపితే ఆ 128 చెల్లదు. ముందు గుమ్మానికి తాళం వేస్తే పెరటి దారిన వచ్చేస్తుంది. మీ తాతగారికి తన హద్దు తెలుసు. మీకు మూడు గడులు ఇచ్చేసరికి ముగ్గురి మీదా పెత్తనం వచ్చిందనుకున్నారు.

ఇంత అధికారం ఉన్న మీరు పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజుల్లో ఎక్కడుంటారో నాకు తెలియదు. మా వీధి మొదట్లో ఒక మైకు, చివర్లో ఒక మైకు, రెండింటిలో రెండు పాటలు. అప్పుడు మీ గడి నేను వెతుకుతాను, కనబడదు. చిప్పులోని బక్క గొంతుల మీదే మీ ప్రతాపమంతా.

నిన్న రాత్రి ఈ గోడు అమ్మతో చెప్పుకున్నాను. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో పనసదుంగ తొలిచి చేసిన ఏకాండి వీణ ఆవిడది. ఆవిడ వీణ ఒళ్లోకి తీసుకుని, నాలుగు తీగల మీద ఒక పల్లవి వాయించింది. పక్కనున్న మూడు తాళపు తీగలను చిటికెన వేలు తాకనే లేదు. తర్వాత వాటిని మీటుతూ అదే పల్లవి వాయించింది.

"ఆ మూడింటి మీద రాగం ఎక్కడ పలికింది నాన్నా?" అంది.

"ఎక్కడా పలకలేదు."

"మరి మొదటిసారి ఎందుకు బోసిగా ఉంది?" అని వీణ గోడకు చేరవేసి పడుకోవడానికి వెళ్లింది.

నేను పైకి వచ్చి పట్టుదలగా ఇంకో పాట తెరిచాను. ఒకటి మూయించాను. రెండు మూయించాను. మూడు మూయించాను. మూడు గడులూ నల్లబడ్డాయి. పాట ఆగలేదు. డ్రమ్ము మోగుతూనే ఉంది, పొడిగా, బరువుగా, లయ తప్పకుండా. పాత రకం సిడ్‌లో 54296 దగ్గర శబ్దం స్థాయిని 0 నుంచి 15 మధ్య సెకనుకు వేలసార్లు ఎగరేసి దించితే, ఆ కుదుపే ఒక రికార్డు చేసిన డ్రమ్ములా వినిపిస్తుంది. అది ఏ గొంతూ కాదు, మీ జాబితాలో దానికి గడి లేదు. ఈ సంగతి నాకు తెలిసింది పొద్దున్న. రాత్రి మాత్రం ఒళ్లు జలదరించింది.

కింద గదిలో లైటు వెలిగింది.

"ఒరే, ఈ వేళప్పుడు ఆ తప్పెట ఎవరిదిరా? ఆపు."

"ఆపేశానమ్మా. ముగ్గురినీ ఆపేశాను."

"మరి మోగించేది ఎవరు?"

ఆ జవాబేదో మీరే చెబితే, రేపు పొద్దున్న కాఫీ దగ్గర ఆవిడకు వినిపిస్తాను.

ఇట్లు,
మీ మూడు గడుల ముందు ఇంకా మెలకువగా ఉన్న వాడు