మూడొందల ఓమ్‌ల భయం

కంప్యూటర్ దగ్గర కూర్చుని మంచి హెడ్‌ఫోన్‌లో పాటలు వినాలనుకునేవాళ్లకు మొట్టమొదట వినపడే మాట ఒకటుంది: "అది 300 ఓమ్‌లదండీ, యాంప్ లేకపోతే పలకదు." యాంప్ అంటే హెడ్‌ఫోన్‌కు వెళ్లే సిగ్నల్‌కు బలం పెంచే చిన్న పెట్టె. ఈ మాట షాపులో అంటారు, వీడియోల్లో అంటారు, నిన్నగాక మొన్న కొన్న స్నేహితుడూ అంటాడు. దాంతో హెడ్‌ఫోన్ కోసం దాచుకున్న డబ్బు రెండు ముక్కలవుతుంది. పదిహేను వేలు పెట్టగలిగిన మనిషి ఏడు వేల హెడ్‌ఫోను, ఎనిమిది వేల యాంపూ పట్టుకుని ఇంటికెళ్తాడు. ఆ ఎనిమిది వేలు చాలాసార్లు వృథా అని నా గట్టి నమ్మకం. పాట ఎలా వినపడాలో తేల్చేది ముందుగా చెవి మీద కూర్చునే వస్తువే. యాంప్ కావాలో వద్దో కాగితం మీద నాలుగు లైన్ల లెక్కలో తేలిపోతుంది. ఆ లెక్క ఎవరూ వేసి చూపించరు కాబట్టి ఇక్కడ వేస్తున్నాను.

రెండు అంకెలు కావాలి. ఒకటి ఇంపిడెన్స్, అంటే కరెంటుకు హెడ్‌ఫోన్ ఎంత అడ్డుపడుతుందో; దీన్ని ఓమ్‌లలో చెబుతారు. రెండోది సెన్సిటివిటీ, అంటే ఇచ్చినదానికి ఎంత గట్టిగా పలుకుతుందో; శబ్దం గట్టిదనం కాబట్టి దీన్ని డెసిబెల్స్‌లో చెబుతారు. మొదటి అంకె ఒక్కటే చూసి యాంప్ కొనడమంటే, ట్యాంకు ఎంత ఎత్తులో ఉందో చూసి బిందె ఎంతసేపట్లో నిండుతుందో చెప్పడం లాంటిది. పైపు లావెంతో కూడా తెలియాలి కదా.

సెన్‌హైజర్ హెచ్‌డీ 600నే తీసుకుందాం. 1997 నుంచి మార్కెట్లో ఉన్న హెడ్‌ఫోన్, 300 ఓమ్‌లు. 1 వోల్ట్ ఇస్తే 97 డెసిబెల్స్ పలుకుతుందని కంపెనీయే చెబుతోంది. పాటలో అప్పుడప్పుడూ వచ్చే పెద్ద దెబ్బలకు 110 డెసిబెల్స్ దాకా చోటు ఉంచుదాం, అది చాలా ఉదారమైన కొలత. ఇంకో 13 డెసిబెల్స్ కావాలంటే వోల్టేజీ దాదాపు నాలుగున్నర రెట్లు కావాలి. అంటే 4.5 వోల్టులు, 66 మిల్లీవాట్లు, 15 మిల్లీయాంపుల కరెంటు.

పక్కనే హైఫైమాన్ హెచ్‌ఈ-6ని పెట్టి చూడండి. ఇంపిడెన్స్ 50 ఓమ్‌లే. ఓమ్‌లు చూసి భయపడేవాళ్లు దీన్ని నిశ్చింతగా కొనేస్తారు. కానీ దాని సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 83.5 డెసిబెల్స్ మాత్రమే. అదే 110కి చేరాలంటే 450 మిల్లీవాట్ల దాకా కావాలి, కరెంటు 95 మిల్లీయాంపులు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ అడిగినదానికి దాదాపు ఏడు రెట్ల పవర్. అటు ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ (38 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 99 డెసిబెల్స్) అయితే 13 మిల్లీవాట్లతో, 0.7 వోల్టులతో ఊరుకుంటుంది. దానికి ఏ కంప్యూటరైనా సరిపోతుంది.

ఈ లెక్కలో ఒక మోసం దాగుంది, జాగ్రత్త. కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కు చెబుతాయి, కొన్ని వోల్ట్‌కు చెబుతాయి. హెచ్‌డీ 600 తాలూకు 97 వోల్ట్ లెక్క. మిల్లీవాట్‌కు మారిస్తే 92 దగ్గర తేలుతుంది. డబ్బా మీద రెండు అంకెలు పక్కపక్కన చూసి ఏది గట్టిగా పలుకుతుందో అనేసుకుంటే తప్పులో కాలేసినట్టే.

ఇప్పుడు అసలు ప్రశ్న. హెడ్‌ఫోన్ తగిలించుకోవడానికి యాపిల్ అమ్మే వేలెడంత యూఎస్‌బీ-సీ డాంగిల్ ఉంది కదా, అమెరికా రకం కంప్యూటర్‌కు తగిలిస్తే 1 వోల్ట్ దాకా ఇస్తుంది (ఐరోపా రకం అందులో సగమే). హెచ్‌డీ 600ని దానికి పెడితే పెద్ద దెబ్బలు 97 డెసిబెల్స్ దగ్గర ఆగుతాయి. ఇప్పటి సినిమా పాటలు మొదటినుంచి చివరిదాకా ఒకే గట్టిదనంతో ఒత్తి తయారుచేసినవి. సగటు శబ్దం ఆ పైకొసకు పది డెసిబెల్స్ కిందే ఉంటుందనుకుంటే, ఫుల్ వాల్యూమ్‌లో చెవికి అందేది 87. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. అంటే, అసలు పలకదని భయపెట్టిన 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఆ చిన్న డాంగిల్‌తోనే చెవికి మంచిది కానంత గట్టిగా పలుకుతోంది!

కచేరీ రికార్డింగ్ పెడితే మాత్రం సంగతి వేరు. తంబుర శ్రుతి ఎక్కడో అడుగున సన్నగా పారుతుంటుంది, మృదంగం ముక్తాయింపు ఒక్కసారిగా పైకి లేస్తుంది. అలాంటిచోట సగటు పైకొసకు ఇరవై డెసిబెల్స్ కిందుంటే మనకు వినపడేది 77 దగ్గర, అదీ వాల్యూమ్ చివరిదాకా తిప్పాక. పైగా ఈక్వలైజర్ వాడి బాస్ 6 డెసిబెల్స్ పెంచుకుంటే, శబ్దం పగలకుండా మొత్తాన్ని అంత మేరా తగ్గించాలి. అప్పుడు డాంగిల్ చేతులెత్తేస్తుంది. యాంప్ నిజంగా అవసరమయ్యేది ఇక్కడే, ఇప్పుడు నా దగ్గరున్న యాంప్ కొన్నదీ ఇందుకే.

అయితే ఎంత ఖరీదుది? 2011లో 'ఎన్‌డబ్ల్యూఏవీగై' అన్న మారుపేరుతో రాసే ఒక ఇంజనీరు ఆబ్జెక్టివ్2 అనే యాంప్ డిజైన్‌ను, కొలతలతో సహా, అందరి ముందూ పెట్టాడు. మార్చకుండా ఎవరైనా తయారుచేసి అమ్ముకోవచ్చన్నాడు. చౌకగా దొరికే మామూలు విడిభాగాలతో, ఎన్నో రెట్లు ఖరీదైన యాంపుల పక్కన నిలబడగల కొలతలు వస్తాయని చూపించాడు. మరుసటి ఏడాదే రాయడం ఆపేసి కనపడకుండా పోయాడు. ఆయన పదేపదే చెప్పిన మాట ఇంకొకటుంది: యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (అంటే యాంప్ తన వైపు నుంచి కరెంటుకు పెట్టే అడ్డు) హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదు. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు 2 ఓమ్‌ల లోపు ఉండాలన్నమాట. అది మించితే కొన్ని ఇయర్‌ఫోన్లలో బాస్, ట్రెబుల్ తాము ఉండాల్సిన చోటు నుంచి జరిగిపోతాయి. పాత స్టీరియో రిసీవర్ల జాక్‌లో సన్న ఇయర్‌ఫోన్లు పెడితే పాట వింతగా మారడానికి కారణం చాలాసార్లు ఇదే.

షాపులో రెండు యాంపులు వినిపించి "తేడా చూశారా" అంటారు. తేడా ఉంటుంది. రెంటిలో ఒకటి రవ్వంత గట్టిగా పలుకుతుంటుంది, మన చెవి ఆ గట్టిదనాన్నే నాణ్యత అనుకుంటుంది. ఇంట్లో సరిగ్గా పోల్చాలంటే మామూలు మల్టీమీటర్ చాలు. కంప్యూటర్‌లో 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే జాక్ దగ్గర ఏసీ వోల్టేజీ కొలిచి, రెండో యాంప్‌లోనూ అదే అంకె వచ్చేదాకా వాల్యూమ్ తిప్పాలి. ఆ తర్వాత ఏది ఏదో తెలియకుండా ఇంట్లో ఎవరిచేతనైనా మార్పించి వినండి. నేను రెండు ఆదివారాలు కూర్చుని విన్నాను, పోల్చుకోలేకపోయాను. హెడ్‌ఫోన్ మారిస్తే మాత్రం మొదటి మూడు సెకన్లలోనే తెలిసిపోతుంది. అలాగని ఖరీదైన హెడ్‌ఫోనే మంచిదని కాదు. 2017లో యెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌ను (బాస్ నుంచి ట్రెబుల్ దాకా ఏది ఎంత గట్టిగా పలుకుతుందో) వాటి ధరలతో పోల్చి చూసి, రెంటికీ సంబంధమే లేదని తేల్చాడు.

మితిమీరిన యాంప్‌తోనూ ఇబ్బందే. సన్న ఇయర్‌ఫోన్‌ను బలమైన యాంప్‌కు పెడితే నాబ్ కొంచెం కదిపేసరికే చెవులు అదిరిపోతాయి. అంత కింద తిప్పినప్పుడు చౌక నాబుల్లో ఎడమ చెవిలో ఎక్కువ, కుడిలో తక్కువ వస్తుంది. పాట ఆగినప్పుడు వెనక సన్నని బుస వినపడుతుంది.

బుస అంటే గుర్తొచ్చింది, నా మొదటి యాంప్ కథ. నా డెస్క్‌టాప్‌కు హెడ్‌ఫోన్ పెడితే ఎప్పుడూ ఒక గూఁయ్ మనే మోత. మౌస్ కదిపితే దానిమీద కిర్రుమని ఇంకో చప్పుడు. మంచి యాంప్ పెడితే పోతుందని ఒక షాపతను నమ్మకంగా చెప్పి అమ్మాడు. తెచ్చి పెట్టాను. కిర్రు తగ్గింది కానీ గూఁయ్ అలాగే ఉంది, ఇంకా స్పష్టంగా వినపడింది. కొన్నాళ్లకు వేరే పని మీద వచ్చిన ఎలక్ట్రీషియన్, క్యాబినెట్ మీద చెయ్యి పెడితే జిల్లుమంటోందని విని స్విచ్‌బోర్డు విప్పాడు. ఆకుపచ్చ వైరు కొస చుట్టలా చుట్టి బోర్డు వెనక పడి ఉంది. అంటే సాకెట్‌కు మూడు కన్నాలున్నా ఎర్త్ లేదు. ఎర్త్ లేకపోతే పవర్ సప్లైలోని కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ రేకు మీద సగం మెయిన్స్ వోల్టేజీ, 115 వోల్టుల దాకా, చాలా తక్కువ కరెంటుతో నిలిచి ఉంటుంది. ఆ వైరు బిగించిన సాయంత్రం గూఁయ్ మాయమైంది. కిర్రుకు కారణం ముందువైపు జాక్. దాని సన్నని వైరు క్యాబినెట్ లోపల గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచే పోతుంది. వెనక జాక్‌కు మార్చినా, బయట వేలాడే డాంగిల్ పెట్టినా అది పోయేదే. ఆ షాపతను ఒక్కసారి ఎర్త్ సంగతి అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక ఏ హెడ్‌ఫోన్ అన్నది మన ఇళ్లను బట్టి ఆలోచించాలి. హెచ్‌డీ 600 లాంటి ఓపెన్‌బ్యాక్‌లో, అంటే వెనకవైపు మూయకుండా వదిలేసిన రకంలో, గొంతు ఎదుట కూర్చుని పాడినట్టు ఉంటుంది. కానీ నాలుగులో తిరిగే ఫ్యాను, పక్కగదిలో సీరియల్, వంటింట్లో కుక్కర్ విజిల్ అన్నీ లోపలికొస్తాయి. వాటిని దాటడానికి వాల్యూమ్ పెంచుతాం, అక్కడే చెవి పాడవుతుంది. వెనక మూసేసిన క్లోజ్డ్‌బ్యాక్‌లో ఆ చప్పుళ్లు తగ్గుతాయి కానీ మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో రెగ్జిన్ ప్యాడ్లు పెట్టుకుంటే పది నిమిషాల్లో చెవుల చుట్టూ చెమట కారుతుంది. ఏడాదికో రెండేళ్లకో ఆ రెగ్జిన్ పొరలు పొరలుగా లేచి చెవులకు నల్లగా అంటుకుంటుంది. అందుకే వెల్వెట్ లాంటి బట్ట ప్యాడ్లున్న బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, 80 ఓమ్‌ల రకం, మన ఎండలకు నయమంటాను. మిల్లీవాట్‌కు 96 డెసిబెల్స్ కాబట్టి 110కి 25 మిల్లీవాట్లు, 1.4 వోల్టులు చాలు. మామూలు వాడకానికి మదర్‌బోర్డు వెనక జాక్ సరిపోతుంది. ప్యాడ్లు విడిగా దొరుకుతాయి, ఊడదీసి కొత్తవి వేసుకోవచ్చు. కొనేముందు ఈ ఒక్క సంగతీ తప్పకుండా అడగండి.

నా బల్ల మీద ఇప్పుడు రెండూ ఉన్నాయి. పగలు ఫ్యాను కింద డీటీ 770, నేరుగా వెనక జాక్‌లో. రాత్రి పదిన్నర దాటాక, ఇల్లంతా సద్దుమణిగాక, పది నిమిషాలు ఫ్యాను కట్టేసి, చిన్న యాంప్‌తో హెచ్‌డీ 600 పెట్టుకుంటాను. ఘంటసాల కాలపు మోనో రికార్డులు రెండు చెవుల మధ్య సరిగ్గా తల నడిమధ్యన నిలబడతాయి, పల్లవికి ముందు ఆయన ఊపిరి తీసుకోవడం వినపడుతుంది.