హమ్ వస్తే మైకును తిట్టకండి, గోడలో సాకెట్ చూడండి

ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకున్నవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "అన్నా, రికార్డింగులో గుయ్‌మని హమ్ వస్తోంది, ఏ మైకు కొనమంటావు?" మైకు ఎందుకు బాబూ! గోడకు ఫోము అంటించారు, మైకును కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేస్ కొన్నారు, నాయిస్ తగ్గించే ప్లగిన్ కూడా కొన్నారు. గదిలో సాకెట్ మూడో రంధ్రానికి, పైన లావుగా ఉండేదానికి, వెనక ఆకుపచ్చ ఎర్త్ వైరు ఉందో లేదో మాత్రం ఎవరూ చూడరు. మన దగ్గర చాలా ఇళ్లలో అది ఉత్త అలంకారమే.

మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ హమ్ కూడా 50 దగ్గరో 100 దగ్గరో ఉంటుంది, కాబట్టి అది ఎక్కడి నుంచి వస్తోందో ఊహించడం కష్టం కాదు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. హమ్ పోయిందా, అయితే గొడవ చార్జర్ దారిలోనే ఉంది. ల్యాప్‌టాప్ ఒక గోడకు, స్పీకర్లు ఇంకో గోడకు పెట్టకుండా అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తేండి, స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ కేబుల్ (రెండు సిగ్నల్ తీగలుండి, దారిలో చేరిన గోలను కొట్టేసేది) వాడండి. అంతేగానీ ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని వీడియోలు చేసేవాళ్ల మాట వినకండి. హమ్ పోవచ్చు, దాంతోపాటు షాక్ కొట్టకుండా మీకున్న రక్షణా పోతుంది.

ఇక లైట్లు. కంటికి బాగానే ఉండి కెమెరాలో మాత్రం చారలు పాకుతుంటే అది వైరింగ్ తప్పు కాదు. చవక ఎల్ఈడీ సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువ అవుతుంది, మీరేమో షట్టర్ వేగం 1/60 సెకనులో పెట్టి షూట్ చేస్తున్నారు. 1/50కో 1/100కో మార్చండి, పైసా ఖర్చు లేదు. డిమ్మర్ తిప్పినప్పుడల్లా గిటారులో జుయ్‌మంటుంటే డిమ్మరే దోషి, రికార్డింగ్ అయ్యేదాకా దాన్ని ఆపేయండి. కరెంటు పోయినప్పుడే గోల మొదలైతే ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దేమో, అంటే కరెంటును నున్నటి అలలా కాకుండా మెట్లుమెట్లుగా ఇచ్చేదేమో చూడండి.

కానీ కంటికే కనిపించేలా లైట్లు మినుకుమంటుంటే తేలిగ్గా తీసుకోవద్దు. బోరు మోటారు వేసిన క్షణం కాస్త డల్ అవడం మామూలే, మోటారు మొదట్లో ఎక్కువ కరెంటు లాగుతుంది. ఒక గదిలో లైటు డల్ అయి పక్క గదిలో లైటు ధగధగ మెరిసిందంటే మాత్రం న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) లూజైందని అనుమానించాలి. త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్న ఇంట్లో న్యూట్రల్ పూర్తిగా ఊడితే 230 రావాల్సిన సాకెట్లోకి 400కు దగ్గరగా కూడా వస్తుంది. స్టెబిలైజర్ కొందాంలే అని కూర్చోకండి, మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, లోపం మీటరు బయట ఉంటే కరెంటాఫీసుకు ఫోన్ చేయండి.

ఆ వచ్చే ఎలక్ట్రీషియన్ గురించీ ఓ మాట. సాకెట్లో టెస్టర్ పెట్టి "వెలిగింది కదా సార్, అంతా ఓకే" అంటాడు. టెస్టర్ ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) ఉందని చెబుతుంది, ఎర్త్ సంగతి దానికేం తెలుసు? మల్టీమీటర్ తెమ్మనండి. ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 230 దరిదాపుల్లో రావాలి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య ఒకటి రెండు వోల్టులుంటే పర్లేదు, పదులకు పోతే ఎర్తింగో న్యూట్రలో సరిగ్గా లేనట్టే. గదిలో ఏసీ, లైట్లు అన్నీ నడుస్తున్నా అక్కడ సరిగ్గా సున్నా చూపిస్తే మురిసిపోకండి, సాకెట్ విప్పించండి. వెనకే న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేసి చేతులు దులుపుకునే ఘనులున్నారు, ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే స్పీకరు బాడీకీ గిటారు తీగలకీ కరెంటు వస్తుంది.