నియోజకవర్గ అభివృద్ధి కోసమే జట్టు మారుతున్నాను

జట్టు మారే అభిమానిని తప్పుపట్టే అర్హత తెలుగువాళ్ళకి లేదు. నామినేషన్ నాడు ఒక కండువా, ఫలితాల మర్నాడు ఇంకో కండువా కప్పుకున్న నాయకుల్ని దండలేసి మళ్ళీ గెలిపించుకున్నవాళ్ళం. ఆ పెద్దమనసు అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ విషయంలోనూ చూపించాలని, డల్లాస్ శివార్లలో స్థిరపడ్డ ప్రేక్షకుడిగా విజ్ఞప్తి చేస్తూ 2025-26 సీజన్ ముంగిట ఈ ప్రకటన విడుదల చేస్తున్నాను.

మా నియోజకవర్గం అంటే మా డ్రాయింగు రూమే. ఒక సోఫా, ఒక టీవీ. 2011లో డల్లాస్ మావెరిక్స్ కప్పు గెలిచాక ఇక్కడ పైసా అభివృద్ధి జరగలేదు. 2024లో లూకా దొంచిచ్ జట్టుని ఫైనల్స్ దాకా మోసుకెళ్తే ఆశపడ్డాం. బోస్టన్ 4-1తో ఆ ఆశ తీర్చేసింది. సరే, పాతికేళ్ళ కుర్రాడు, మళ్ళీ తీసుకెళ్తాడు అనుకుంటుండగా, 2025 ఫిబ్రవరి 1 రాత్రి పదకొండు దాటాక అతన్ని లేకర్స్‌కి ఇచ్చేసి ఆంథొనీ డేవిస్‌ని తెచ్చుకున్నారన్న వార్త. ఆ వార్త పెట్టిన విలేకరి ఖాతాని ఎవరో హ్యాక్ చేశారనుకున్నారు జనం. అర్ధరాత్రి రిసార్టు రాజకీయాలు చూసి పెరిగినవాణ్ణి కాబట్టి నేను మాత్రం వెంటనే నమ్మాను. డేవిస్ వచ్చి మొదటి ఆటలోనే గాయపడ్డాడు. అప్పటికే అభిమానులు నిరసనగా స్టేడియం బయట శవపేటిక కూడా పెట్టేశారు.

నేను బాస్కెట్‌బాల్ సన్యాసం పుచ్చుకున్నాను. రాజకీయ సన్యాసం ఎన్నాళ్ళుంటుందో మీకు తెలిసిందే. మే నెలలో కొత్త కుర్రాళ్ళని ఏ జట్టు ముందు ఎంచుకోవాలో తేల్చే లాటరీ తీస్తే, 1.8 శాతం అవకాశం మాత్రమే ఉన్న డల్లాస్‌కి మొదటి పిక్ తగిలింది, కూపర్ ఫ్లాగ్ అనే కుర్రాడు వచ్చాడు. కొడుకుని దత్తత ఇచ్చేసినవాళ్ళకి దేవుడు ఇంకో కొడుకునిచ్చినట్టుంది. జూన్‌లో ఫైనల్స్ మొదటి ఆట చూశాను. నలభై ఎనిమిది నిమిషాల ఆటలో ఇండియానా పేసర్స్ ఆధిక్యంలో ఉన్నది 0.3 సెకన్లు. ఆ 0.3 సెకన్లు చివరివి కావడంతో గెలిచేశారు. ఒక్క ఓటు మెజారిటీ కూడా మెజారిటీయే అనే ఆటని ఎలా వదులుకుంటాం?

ఆసక్తి తిరిగొచ్చింది గానీ పార్టీ లేదు. ఇక్కడ ఓ లెక్క ఉంది. 2019 నుంచి 2025 దాకా ఏడేళ్ళలో ఏడు వేర్వేరు జట్లు గెలిచాయి. టొరంటో, లేకర్స్, మిల్వాకీ, గోల్డెన్ స్టేట్, డెన్వర్, బోస్టన్, ఓక్లహోమా సిటీ. ఇంత నిఖార్సైన ప్రభుత్వ వ్యతిరేకత మన దగ్గర కూడా చూడం. గెలిచిన జట్టు జీతాలు పెరుగుతాయి, ఒక హద్దు దాటితే లీగు రూల్సు గొంతు పిసుకుతాయి, ఆటగాళ్ళని అమ్ముకోవాలి. 2024లో గెలిచిన బోస్టన్ 2025 వేసవిలో హాలిడే, పోర్జింగిస్ అనే ఇద్దరు ఆటగాళ్ళని వదులుకుంది అందుకే. అంటే ఒకే జట్టుని నమ్ముకుని కూర్చున్నవాడికి ఏడేళ్ళలో ఒక్క పండగ. ఏటా సమయానికి కండువా మార్చినవాడికి ఏడు.

కనుక అభ్యర్థుల్ని పరిశీలించాను. 2025 విజేతగా అధికారపక్షం ఓక్లహోమా సిటీ థండర్, మా ఇంటికి మూడు గంటల దారి. 68 గెలుపులు, షే గిల్జస్-అలెగ్జాండర్‌కి ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి బిరుదు), ఫైనల్స్ ఎంవీపీ రెండూ. పక్కనుంచి గాలి వీచినా ఫౌలంటూ ఫ్రీ త్రో ఇప్పించుకుంటాడని ప్రత్యర్థుల ఆరోపణ, విచారణ కమిషన్ వేయాల్సిన అంశం. ఆ జట్టే 2008లో సియాటెల్ నుంచి ఊరు ఫిరాయించింది కాబట్టి నన్ను ప్రశ్నించే నైతిక హక్కు వాళ్ళకి లేదు. డెన్వర్‌లో నికోలా యోకిచ్ ఉన్నాడు. 2023లో కప్పు గెలిచి, ఊరేగింపు ఉందని తెలిసి, ఇంటికెప్పుడు వెళ్తానా అని దిగులుపడ్డవాడు. పదవీ వ్యామోహం లేనివాణ్ణి నమ్మడం కష్టం.

లీగులో సగమైన తూర్పు కాన్ఫరెన్స్‌లో పోటీ పలచబడింది. అక్కడి పెద్ద ఆటగాళ్ళు లిల్లార్డ్, టేటమ్, హాలిబర్టన్ ముగ్గురూ 2025 ప్లేఆఫ్స్‌లోనే (నాకౌట్ పోటీల్లో) మడమ దగ్గరి అకిలీస్ స్నాయువు తెంపుకున్నారు, ముగ్గురి జెర్సీ నంబరూ సున్నాయే. అమెరికాలో ఒక్క న్యూమరాలజిస్టు కూడా లేకపోయాడు. న్యూయార్క్ నిక్స్‌కి దారి ఖాళీ. 1973 తర్వాత 2025 దాకా వాళ్ళకి కప్పు లేదు. పాతికేళ్ళకి మొదటిసారి కాన్ఫరెన్స్ ఫైనల్స్‌కి చేర్చిన కోచ్‌ని మాత్రం సాగనంపారు. అక్కడి అధిష్ఠానం పనితీరు నాకు బాగా పరిచయం ఉన్నదే.

నా మనసు మాత్రం హ్యూస్టన్ రాకెట్స్ మీదే, కారణం కెవిన్ డ్యురాంట్. ఆయన మా వర్గానికి మూలపురుషుడు. 2016లో ఓక్లహోమా తరఫున ఆడుతూ గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద సిరీస్‌లో 3-1 ఆధిక్యం వదిలేసి ఓడాడు, రెండు నెలలు తిరక్కుండా ఆ వారియర్స్‌లోనే చేరాడు, రెండు కప్పులు పట్టాడు. తర్వాత బ్రూక్లిన్, ఫీనిక్స్, 2025లో హ్యూస్టన్. తెలుగునాట పుట్టి ఉంటే ప్రతి ప్రభుత్వంలోనూ నీటిపారుదల శాఖ ఆయనదే.

ఇక చట్టం సంగతి. 1985 నాటి పదో షెడ్యూలు ప్రకారం మూడింట రెండు వంతుల మంది కలిసి మారితే అది ఫిరాయింపు కాదు, విలీనం. మా ఇంట్లో ముగ్గురం. మా ఆవిడ ఫ్లాగ్‌ని చూసి పాత పార్టీలోనే ఉంటానంది. "మీరు వెళ్ళండి, సోఫా మాత్రం నియోజకవర్గానిది" అని స్పష్టం చేసింది. నాకు కావలసింది మా అబ్బాయి ఒక్కడి సంతకం. వాడేమో శాన్ ఆంటోనియో స్పర్స్ అంటాడు. ఆ జట్టులోని ఏడడుగుల నాలుగంగుళాల వెంబన్యామా 2025 వేసవిలో చైనాలోని షావోలిన్ మఠానికి వెళ్ళి గుండు చేయించుకొచ్చాడు, గుండు కొట్టించుకున్నవాడి మొక్కు తీరకుండా ఉంటుందా నాన్నా అని వాడి వాదన. చర్చలు సుహృద్భావ వాతావరణంలో కొనసాగుతున్నాయి. హ్యూస్టన్‌కి రావడానికి ఒక్క షరతు పెట్టాడు. టీవీ రిమోట్ శాఖ పూర్తి కాలానికి తనకే ఉండాలట.