ఇయర్‌విగ్ మెదడులో గుడ్లు పెడుతుందన్నది అబద్ధం

తోక చివర పటకారు ఉన్న గోధుమరంగు పురుగు ఫొటోతో ఒక సందేశం వాట్సాప్‌లో చేతులు మారుతోంది. దాని పేరు ఇయర్‌విగ్ అనీ, నిద్రపోతున్నవారి చెవిలో దూరి, కర్ణభేరిని తొలిచి మెదడులో గుడ్లు పెడుతుందనీ, దాని పటకారులో విషం ఉంటుందనీ, తోటను బతకనివ్వదనీ, కనుక కనిపించిన చోటల్లా మందు కొట్టమనీ అందులో ఉంది. పసిపిల్లలున్న ఇళ్లలో ఇలాంటి మాట ఎంత భయం పుట్టిస్తుందో చూశాను కనుకనే ఇది రాస్తున్నాను.

ఆ ఫొటోలోది ఐరోపాలో అతి సాధారణమైన జాతి, ఫోర్ఫిక్యులా ఆరిక్యులేరియా. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన ఆ లాటిన్ పేరులోనే చెవి ఉంది (‘ఆరిక్యులా’ అంటే చెవి). ఫ్రెంచివారు దాన్ని ‘చెవి తొలిచేది’ అనే పిలుస్తారు. భయం అంత పాతదన్నమాట, కానీ పాతదైనంత మాత్రాన నిజమైపోదు. చీకటి, తేమ, ఇరుకు సందులు దానికి ఇష్టం కనుక ఏ చిన్న పురుగైనా దూరినట్టే అదీ ఎప్పుడో చెవిలో దూరవచ్చు. అయితే చెవి గొట్టం సుమారు రెండున్నర సెంటీమీటర్ల లోతున కర్ణభేరి దగ్గర ముగుస్తుంది. దాని వెనక మెదడుకు అడ్డంగా ఎముక ఉంటుంది, ఆ ఎముకను తొలిచే శక్తి ఈ పురుగుకు లేదు. నిజానికి వైద్యులు చెవుల్లోంచి తరచుగా తీసేది బొద్దింకల్ని. ఏది దూరినా పుల్ల పెట్టి కెలక్కుండా చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

విషం మాట అసలే నిలవదు. దానికి విషగ్రంథి లేదు, ముల్లు లేదు. మగదాని పటకారు వంకీ తిరిగి, ఆడదానిది దాదాపు తిన్నగా ఉంటుంది. పట్టుకుంటే చురుక్కుమని నొక్కుతుంది, అంతే. కడుపు పక్కల ఉన్న గ్రంథుల నుంచి ఘాటు వాసన ద్రవాన్ని చిమ్మేది కూడా శత్రువుల్ని తరమడానికే.

ఇక గుడ్లు. ఆ సందేశం ఈ పురుగుకు చేసిన పెద్ద అన్యాయం ఇక్కడే ఉంది. చలికాలంలో తల్లి నేలలో చిన్న గూడు తవ్వుకుని, అందులో ముప్పై నుంచి అరవై దాకా గుడ్లు పెట్టి, అవి పిల్లలయ్యేదాకా కాపలా కాస్తుంది. కిందటి మార్చి మొదట్లో ఇంగ్లండులో మా పెరటి మూలనున్న మట్టికుండీని జరిపితే దాని కింద తడిమట్టి గుంటలో ముత్యాల్లాంటి గుడ్ల కుప్ప, దాని మీద వంగిన తల్లి కనిపించాయి. కుండీ కదలికకు నాలుగైదు గుడ్లు పక్కకు దొర్లాయి. అది పారిపోలేదు, ఒక్కొక్కదాన్నీ నోట కరచుకుని తెచ్చి కుప్పలో చేర్చింది, ఆ తరవాత వాటిని తిప్పుతూ నాకసాగింది. ఆ నాకడం వల్లే గుడ్లకు బూజు పట్టదు. తల్లిని వేరు చేస్తే చాలామటుకు బూజు పట్టి పాడైపోతాయి. పిల్లలు బయటికొచ్చాక కూడా కొన్నాళ్లు వాటిని కనిపెట్టుకుని, తాను తిన్నది కక్కి పెడుతుంది. పురుగుల్లో ఇంతటి పెంపకం అరుదు. మట్టి, తేమ, చలి చూసుకుని గూడు కట్టే జీవికి మనిషి తలలో గుడ్లు పెట్టాల్సిన అవసరమేముంది?

తోట పాడు చేస్తుందన్నదానిలో మాత్రం కొంత నిజం ఉంది. డాలియా రేకులు, లేత ఆకుకూర మొలకలు, పండిన ఆప్రికాట్లు కొరుకుతుంది. మన వేరుశనగ చేలలో కాయను తొలిచే ఇయర్‌విగ్ కూడా ఉంది కానీ అది వేరే జాతి, రైతుల ఫిర్యాదు దాని మీదిదే. ఐరోపా ఆపిల్ తోటల్లో మాత్రం ఫోర్ఫిక్యులా, దూదిలాంటి తెల్లని పూత కప్పుకుని కొమ్మల్ని పీల్చే పేనుబంకను రాత్రంతా తింటుంది. అందుకే అది కావాలనుకునే తోటవాళ్లు దానికి చెట్లపై చోటు కల్పిస్తారు. కనబడినచోటల్లా మందు కొడితే ముందు పోయేది ఈ కాపలాదారే, పేనుబంక మళ్లీ పెరుగుతుంది. డాలియాలను కాపాడుకోవాలంటే గడ్డి కుక్కిన పూలకుండీని కర్ర మీద బోర్లించి పెడితే చాలు: రాత్రి తిరిగినవి తెల్లవారేసరికి అందులో చేరతాయి, దాన్ని తీసుకెళ్లి ఆపిల్ చెట్టు మొదట్లో దులిపేయవచ్చు.